వ్యవసాయ ఉత్పాదకతలో ప్రాంతీయ భేదాల కొలత

ఒక దేశంలోని వివిధ ప్రాంతాల వ్యవసాయ ఫలసాయాన్ని ఒకే పద్ధతిలో లెక్కించి పోల్చడాన్ని వ్యవసాయ ఉత్పాదకతలో ప్రాంతీయ భేదాల కొలత అంటారు. భారతదేశంలో ఇందుకు సాధారణంగా జిల్లాలను, రాష్ట్రాలను పోలుస్తారు. ఎంచుకున్న కొలతను బట్టి ఏ ప్రాంతం ముందున్నదనే నిర్ణయం మారుతుంది.

దిగుబడి అంచనా

భారతదేశంలో ముఖ్యమైన పంటల దిగుబడిని పంటకోత ప్రయోగాల ద్వారా అంచనా వేస్తారు. యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన పొలంలో కొంత భాగాన్ని కొలిచి, అందులోని పంటను కోసి, నూర్చి తూకం వేస్తారు. వరి వంటి పంటలకు ఈ భాగం 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. హెక్టారు దిగుబడి కోసం ఆ తూకాన్ని 400తో హెచ్చిస్తారు. కనుక ఒక కిలో పొరపాటు హెక్టారుకు 4 క్వింటాళ్ల తేడా అవుతుంది. కొలిచే భాగం మరీ చిన్నదైతే, దాని హద్దు మీది మొక్కలు కూడా లెక్కలోకి వచ్చి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని గణాంక శాస్త్రవేత్త పి.వి.సుఖాత్మే 1940వ దశకంలో నిరూపించాడు.

సూచికలు

1939లో ఎం.జి.కెండాల్ ఇంగ్లండు కౌంటీలకు ఒక్కొక్క పంట దిగుబడిని బట్టి ర్యాంకులిచ్చి, వాటి సగటు తీసుకున్నాడు. ఈ పద్ధతి సులభమైనది. కాని దిగుబడులు 60, 59, 20 క్వింటాళ్లైనా ర్యాంకులు 1, 2, 3 మాత్రమే కనుక అసలు వ్యత్యాసం మరుగున పడుతుంది. పంట విస్తీర్ణం కూడా లెక్కలోకి రాదు.

1967లో ఎస్.ఎస్.భాటియా ఉత్తర ప్రదేశ్‌ అధ్యయనంలో విస్తీర్ణానికి తగిన భారం కల్పించాడు. ఉదాహరణకు, ఒక జిల్లాలో 75 శాతం సాగుభూమిలో వరి దిగుబడి రాష్ట్ర సగటులో 120 శాతం, మిగిలిన 25 శాతంలో జొన్న దిగుబడి 80 శాతం ఉందనుకుంటే, సూచిక 110 అవుతుంది. విస్తీర్ణాన్ని విస్మరిస్తే అది 100 మాత్రమే.

భూమి, నీరు

హెక్టారు దిగుబడిలో పంజాబ్ వరి దేశంలో అగ్రస్థానంలో నిలుస్తుంది. అయితే సాగునీటి ఘనపు మీటరుకు వచ్చే ధాన్యాన్ని లెక్కిస్తే, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ పంజాబ్ కంటే ముందున్నాయని నాబార్డు, ఇక్రియర్ 2018లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. వర్షాధారం ఎక్కువైన చోట సాగునీటి వాడకం తక్కువగా ఉండటం ఇందుకు ఒక కారణం.

ప్రాధాన్యత

2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, ప్రాంతమంతటికీ కలిగిన నష్టానికి పరిహారం ఆ ప్రాంతపు సగటు దిగుబడిని బట్టి లభిస్తుంది. అది నిర్ణీత దిగుబడి కంటే తగ్గితేనే రైతులు పరిహారానికి అర్హులవుతారు. ఎంత చిన్న ప్రాంతాన్ని విడిగా కొలిస్తే, సగటులో కలిసిపోయే స్థానిక నష్టాలు అంతగా వెలుగులోకి వస్తాయి. కాని ప్రయోగాల సంఖ్య, ఖర్చు కూడా పెరుగుతాయి.