కొత్త వల కొనేటప్పుడు ఏం చూడాలి?



పోయిన నెల గోడపత్రికలో మిరప విత్తనాలు ఎట్లా ఎంచుకోవాలో రాశారు. అది అందరూ చదివారు. ఈ నెల నేను వల గురించి రాస్తున్నాను. ఎందుకంటే మన స్కూల్లో చాలామంది ఇళ్ళు కృష్ణ ఒడ్డున, సాగర్ దగ్గర, వాగుల పక్కన ఉన్నాయి. సేద్యం చేసే ఇంటికి విత్తనం ఎట్లాగో, చేపలు పట్టే ఇంటికి వల అట్లాగ. చాలామంది అప్పు తెచ్చి వల కొంటారు. సరైన వల కాకపోతే ఆ ఏడంతా అప్పు ఒక్కటే మిగులుతుంది.

మన పెద్దవాళ్ళకు చేపల సంగతి అంతా తెలుసు. నీళ్ళ రంగు చూసి చేప ఎక్కడ తిరుగుతుందో చెప్తారు. కాని కొట్లో వల కట్ట మీద అంకెలు ఉంటాయి. మా ఇంట్లో ఆ అంకెలు చదవడం ఎవరికీ రాదు. మనకు వచ్చు. కాబట్టి అంకెల పని మనమే చేయాలి.

1. ముందు నీళ్ళు చూడాలి

అన్ని నీళ్ళకూ ఒకే వల పనికిరాదు. మన దగ్గర మూడు రకాల నీళ్ళు ఉన్నాయి. ఒకటి నాగార్జునసాగర్. ఈ డ్యాముకు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. నిండితే 590 అడుగుల మట్టం దాకా నీళ్ళు ఉంటాయి. లోతు నీళ్ళలో పుట్టి మీద పోయి, వలను గోడలాగా నిలబెట్టి రావాలి. రాత్రి పెట్టి పొద్దున తీస్తారు. అట్లా వేటాడటానికి మత్స్యశాఖ లైసెన్సు కూడా ఉండాలి.

రెండోది వాగులు, చెరువులు. అక్కడ ఒడ్డున నిలబడి విసురు వల వేస్తే చాలు. విసురు వల గొడుగులాగా విచ్చుకోవాలి, అంచుకు సీసం గుండ్లు సమంగా ఉండాలి. ఒక పక్క గుండ్లు తక్కువైతే ఆ పక్క నుంచి చేప దూరిపోతుంది.

మూడోది కాలువలు. పారే నీళ్ళు వలను ఈడ్చుకుపోతాయి, కాలువలో మనుషులు కూడా కొట్టుకుపోతారు. అక్కడికి పిల్లలు పోకూడదు.

నేను ఇక్కడ ముఖ్యంగా సాగర్‌లో నిలబెట్టే వల గురించి చెప్తాను.

2. కన్ను ఎట్లా కొలవాలి?

వలలో ఉండే ఒక్కో రంధ్రాన్ని కన్ను అంటారు. కన్నుకు నాలుగు ముడులు, నాలుగు పక్కలు ఉంటాయి. అంటే మనం లెక్కల్లో చదివే రాంబస్. దీన్ని రెండు రకాలుగా కొలుస్తారు.

మొదటి రకం: ఒక ముడి నుంచి పక్క ముడి దాకా. అంటే ఒక పక్క కొలత.

రెండో రకం: కన్నును రెండు చివర్లు పట్టుకుని బాగా సాగదీసి, ఈ చివరి ముడి నుంచి ఆ చివరి ముడి దాకా. ఇది మొదటి దానికి రెండింతలు వస్తుంది.

ఇక్కడే మోసపోతాం. మా బాబాయి ఒక కొట్లో "రెండంగుళాల కన్ను ఇయ్యి" అన్నాడు. బాబాయి మనసులో ఉన్నది ఒక పక్క రెండంగుళాలు. కొట్టాయన ఇచ్చింది సాగదీస్తే రెండంగుళాలు వచ్చే వల. కట్ట మీద 50 మి.మీ. అని ఉంది. బాబాయికి కావలసింది 100 మి.మీ. పేరు ఒకటే, కన్ను మాత్రం సగం. వల తాడుకు కట్టేశాక గాని తెలియలేదు. కట్టిన వల వెనక్కి తీసుకోరు గదా. ఆ సీజనంతా చిన్న చేపలే పడ్డాయి, వాటికి ధర రాలేదు. అప్పు తీర్చడానికి పిన్ని కూలికి పోయింది.

అందుకని కొట్లో "ఎన్ని అంగుళాలు" అని అడిగి ఊరుకోవద్దు. "సాగదీసి కొలిస్తే ఎంత?" అని అడగాలి. స్కేలు పెట్టి కొలవాలి. ఒక్క కన్ను కొలిస్తే చాలదు. వరసగా పది కళ్ళు సాగదీసి మొత్తం కొలిచి, పదితో భాగించాలి. అప్పుడు సగటు వస్తుంది.

3. ఏ కన్నుకు ఏ చేప?

చేప కన్నులో తల పెడుతుంది. తల దూరుతుంది, నడుము దూరదు. వెనక్కి పోదామంటే మొప్పలకు దారం తగులుకుంటుంది. అట్లా పడుతుంది. కాబట్టి చేప పొడవు కంటే దాని చుట్టుకొలత ముఖ్యం.

లెక్క సులభం. సాగదీసిన కొలతను 2తో గుణిస్తే కన్ను చుట్టుకొలత వస్తుంది.

50 మి.మీ. కన్ను అయితే 100 మి.మీ., అంటే 10 సెంటీమీటర్లు.
100 మి.మీ. కన్ను అయితే 200 మి.మీ., అంటే 20 సెంటీమీటర్లు.

ఇంట్లో చేప తెచ్చినప్పుడు దాని లావైన చోట దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూడండి. చుట్టుకొలత 20 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఆ చేప 100 మి.మీ. కన్ను నుంచి దూరిపోతుంది. బొచ్చెకు తల పెద్దది, ఒళ్ళు వెడల్పు. ఎర్రమోసు సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఒకే వలలో పడినా బొచ్చె పొట్టిది పడుతుంది, మోసు పొడుగుది పడుతుంది. కాబట్టి మీ నీళ్ళలో ఏ చేప ఎక్కువో నాయననో తాతనో అడిగి కన్ను ఎంచుకోవాలి.

4. 210/2/3 అంటే ఏమిటి?

నైలాన్ వల కట్ట మీద 210/1/2, 210/1/3, 210/2/3 అని ఉంటుంది. మా నాయన అది ధర అనుకునేవాడు. అది దారం లావు.

210 అంటే సన్న పోగు బరువు. ఆ పోగు 9000 మీటర్లు, అనగా 9 కిలోమీటర్లు తీసి తూస్తే 210 గ్రాములు ఉంటుంది. దీన్ని డెనియర్ అంటారు. తర్వాతి అంకె ఒక్కో పాయలో ఎన్ని పోగులో చెప్తుంది. చివరి అంకె ఎన్ని పాయలు కలిపి పేనారో చెప్తుంది. మన జడకు మూడు పాయలు ఉన్నట్టే. 210/2/3 అంటే పాయకు 2 పోగులు, 3 పాయలు, మొత్తం 6 పోగులు. 210/1/2 అంటే 2 పోగులే.

సన్న దారం చేపకు కనపడదు, ఎక్కువ పడతాయి, కాని తొందరగా తెగుతుంది. లావు దారం తెగదు, కాని చేప చూసి తప్పుకుంటుంది. ఇంకొక సంగతి. వల తూకం మీద అమ్ముతారు. ఒకే కన్ను వలలో 6 పోగుల దారం 2 పోగుల దారానికి మూడింతల బరువు. కాబట్టి అదే కిలోకు సుమారు మూడో వంతు వలే వస్తుంది. కిలో ధర ఒక్కటే చూసి బేరం చేయకూడదు.

ఒంటి పోగు వల కూడా ఉంది. గాజులాగా మెరుస్తుంది, మోనో అంటారు. నీళ్ళు తేటగా ఉన్నప్పుడు బాగా పడుతుంది. వరదకు నీళ్ళు ఎర్రగా మారితే ఏ దారమైనా చేపకు సరిగా కనపడదు, అప్పుడు లావు దారమే నయం. అడుగున రాళ్ళు, చెట్ల మోడులు ఉన్నచోట మోనో తొందరగా పాడైపోతుంది.

5. ఎంత వల కొనాలి?

వల 100 మీటర్లు అంటే సాగదీస్తే 100 మీటర్లు అని అర్థం. అట్లా సాగదీసి తాడుకు కడితే కన్ను మూసుకుపోతుంది. చేప తల పెట్టడానికి సందు ఉండదు. కుచ్చిళ్ళు పోసినట్టు వదులుగా కట్టాలి. మామూలుగా 100 మీటర్ల వలను 50 మీటర్ల తాడుకు కడతారు. కాబట్టి 50 మీటర్ల తాడు ఉంటే 100 మీటర్ల వల కావాలి.

అప్పుడు ఎత్తు ఎంత వస్తుంది? పైథాగరస్ సిద్ధాంతంతో చూడవచ్చు. 100 మి.మీ. కన్నుకు ఒక పక్క 50 మి.మీ. సగం వదులుతో కడితే కన్ను వెడల్పు 50, అందులో సగం 25. 50 వర్గం 2500, 25 వర్గం 625. తీసివేస్తే 1875. దాని వర్గమూలం సుమారు 43.3. రెండింతలు చేస్తే 86.6 మి.మీ. అంటే సాగదీస్తే 10 మీటర్లు ఉన్న ఎత్తు, నీళ్ళలో 8 మీటర్ల 66 సెంటీమీటర్లే ఉంటుంది. ఈ లెక్క టీచర్‌కు చూపించాను, సరిగ్గా ఉందన్నారు.

పై తాడుకు బెండ్లు, కింది తాడుకు గుండ్లు కట్టాలి. పాత హవాయి చెప్పులు గుండ్రంగా కోస్తే మంచి బెండ్లు అవుతాయి, డబ్బు మిగులుతుంది. బెండ్ల బలం ఎక్కువైతే వల పైన తేలుతుంది, గుండ్ల బరువు ఎక్కువైతే అడుగున నిలుస్తుంది. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, మోసు అడుగున మేస్తుంది.

6. కొట్లోనే చేసే పరీక్షలు

అ) ఒక ముడిని రెండు పక్కలకు గట్టిగా లాగాలి. ముడి జారితే ఆ వల వద్దు. ముడి జారితే ఒక కన్ను పెద్దది, పక్క కన్ను చిన్నది అయిపోతుంది.

ఆ) కొంచెం దారం తడిపి నీళ్ళలో ముంచి వదలాలి. నైలాన్ మునుగుతుంది. ప్లాస్టిక్ బిందెల్లాంటి సరుకుతో చేసిన దారం తేలుతుంది.

ఇ) కొట్టు బయట ఎండలో వేలాడదీసిన వల కొనవద్దు. ఎండకు నైలాన్ బలం పోతుంది. ఇంట్లో కూడా వల నీడలోనే ఆరేయాలి.

7. చిన్న కన్ను ఎందుకు వద్దు?

"చిన్న కన్ను అయితే చిన్నవీ పెద్దవీ అన్నీ పడతాయి గదా" అని కొంతమంది అంటారు. నిలబెట్టే వలలో పెద్ద చేప తల చిన్న కన్నులో దూరదు. ముక్కు తగిలి వెనక్కి పోతుంది. కాబట్టి చిన్నవే పడతాయి.

ఇంకో లెక్క చూడండి. చేప పొడవు రెండింతలు అయితే వెడల్పు, మందం కూడా సుమారు రెండింతలు అవుతాయి. 2 × 2 × 2 = 8. అంటే ఈ రోజు 50 గ్రాములు ఉన్న చేపపిల్ల రెండింతలు పొడవు పెరిగితే సుమారు 400 గ్రాములు తూగుతుంది. ఈ రోజు పట్టుకుంటే 350 గ్రాములు పోగొట్టుకున్నట్టే.

బొచ్చె, రోహు, మోసు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. వరద కాలంలో పారే నదిలో పెడతాయి. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో ఇంజక్షన్ ఇచ్చి చేపలతో గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతారు. ఇప్పుడు అట్లా పెంచిన పిల్లలనే రిజర్వాయర్లలో వదులుతున్నారు. వదిలిన పిల్లలను నెలకే సన్న కన్ను వలతో ఊడ్చేస్తే పెరిగేవి ఏవి? దోమతెరలాంటి అలివి వలలతో అట్లాగే ఊడుస్తారు. అవి నిషేధం. అధికారులు వాటిని పట్టుకుని తగలబెడతారు. అప్పు చేసి కొన్న వల బూడిద అయితే ఆ ఇల్లు ఏం తినాలి? అందుకే అసలు కొనకుండా ఉండటం మంచిది.

తెగిన వల ముక్కలు నీళ్ళలో వదిలేయకూడదు. పాతకాలం నూలు వల కుళ్ళిపోయేది. నైలాన్ కుళ్ళదు. మనిషి లేకపోయినా అది చేపలను పడుతూనే ఉంటుంది, అవి ఎవరికీ అక్కరకు రావు.

8. ఒక ప్రశ్న

నేను ఇది రాస్తుంటే పదో తరగతి అక్క ఒకామె అడిగింది: "రీలు ఉన్న గాలం కొంటే మంచిదా?" రీలు అంటే దారం చుట్టుకునే చిన్న చక్రం, పక్కన పిడి ఉంటుంది. 1800ల మొదట్లో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు ఇట్లాంటి రీళ్ళు చేశాడు. రీలు మీద 6:1 అని ఉంటే పిడి ఒకసారి తిప్పితే చక్రం ఆరుసార్లు తిరుగుతుంది అని అర్థం. ఎర విసిరినప్పుడు చక్రం ఎర కంటే వేగంగా తిరిగితే దారం జడ చిక్కుపడినట్టు చిక్కుపడుతుంది. బొటనవేలు ఆనించి ఆపడం నేర్చుకోవాలి. గాలంతో ఒక మంచి గుణం ఉంది, చిన్న చేప పడితే బతికుండగానే వదిలేయవచ్చు. కాని ఒకసారికి ఒక చేపే. కూరకు చాలుతుంది, అమ్ముకుని బతకడానికి వలే కావాలి.

దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు జామెట్రీ బాక్సు పెట్టెలో పెట్టుకోండి. మీ ఇంట్లో ఉన్న వల కన్ను సాగదీసి కొలిచి, ఏ చేపలు పడుతున్నాయో అడిగి రాసుకుని రండి. అందరివీ కలిపి పట్టిక వేసి వచ్చే నెల ఇక్కడే అంటిద్దాం.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని