ఏడు కమాండులు – ఒకే రిజర్వు

న్యూఢిల్లీ: రాజధాని నుంచి విమానాశ్రయానికి పోయే దారిలో, కంటోన్మెంటు ప్రాంతంలో, సుబ్రతో పార్కు అనే విశాలమైన ఆవరణ ఉన్నది. మన వైమానిక దళానికి 1954 లో మొట్టమొదటి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ పేరు దానికి పెట్టారు. పశ్చిమ వైమానిక కమాండు ప్రధాన కార్యాలయం అక్కడే. లడఖ్ మంచుకొండల నుంచి పంజాబ్ గోధుమ పొలాల వరకు గల ఆకాశాన్ని కాపాడే బాధ్యత ఆ కార్యాలయానిది. దేశంలోని ఏడు వైమానిక కమాండులలో ఢిల్లీలో కొలువున్నది ఇదొక్కటే. దళాధిపతి కూర్చునే వాయు భవన్‌కూ దీనికీ మధ్య దూరం కొద్ది మైళ్లు మాత్రమే.

ఈ ఏడు కమాండులను తీసివేసి, భూసేన, నౌకాదళం, వైమానిక దళం మూడింటినీ ప్రాంతాలవారీగా ఒక్కొక్క సేనాని కింద చేర్చే 'థియేటర్ కమాండుల' ఆలోచన 2020 నుంచి ఢిల్లీలో నలుగుతూ వస్తున్నది. పత్రికలలో ఇది దళాధిపతుల కుర్చీల తగాదాగా కనబడుతున్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. హోదాలు తగ్గుతాయన్న భయం యూనిఫారం తొడిగినవారికి ఉండరాదని ఎక్కడా లేదు. కాని ఆ తగాదా అడుగున మరొక ప్రశ్న ఉన్నది. యుద్ధంలో ఒక చోట విమానాలు చాలకపోతే, చాలని వాటిని ఎక్కడి నుంచి తెస్తారు? అనగా, మన రిజర్వు ఎక్కడ ఉన్నది?

ఏడు కమాండులు ఒకే ప్రణాళిక ప్రకారం పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆపదలోనో, ఒక్కొక్క భయంలోనో పుట్టినది. 1949 లో శిక్షణ కమాండు, యుద్ధకార్యాలను చూచే మరొక కమాండు ఏర్పడినవి. ఆ రెండవదే 1963 లో పశ్చిమ కమాండు అయినది. విమానాల మరమ్మతు, విడిభాగాల బాధ్యత చూచే నిర్వహణ కమాండు 1955 లో కాన్పూరులో మొదలై తరువాత నాగపూరుకు చేరినది. టిబెట్‌లో పరిస్థితి మారిన 1959 లో తూర్పు కమాండు కలకత్తాలో వెలసినది. చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1963 లో, దానిని షిల్లాంగుకు తరలించారు. 1962 మార్చిలో కలకత్తాలోనే ఏర్పడిన మధ్య కమాండు 1966 లో అలహాబాదు చేరినది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల కోసం నైరుతి కమాండు 1980 జులైలో జోధ్‌పూర్‌లో ఏర్పడి, 1998 లో గాంధీనగర్‌కు మారినది. హిందూమహాసముద్రంపై దృష్టి మళ్లిన రోజులలో, 1984 జులైలో, శ్రీమతి ఇందిరాగాంధీ త్రివేండ్రంలో దక్షిణ కమాండును ప్రారంభించారు. నైరుతి కమాండు ఏర్పడిననాటి దళాధిపతి ఇద్రీస్ హసన్ లతీఫ్ మన హైదరాబాదులో పుట్టినవారేనన్న సంగతి తెలుగు పాఠకులలో కొందరికైనా గుర్తుండవచ్చును.

ఈ పటాన్ని చూచి, దేశాన్ని ముక్కలుగా కోసి తలొక ముక్కకు కొన్ని విమానాలు పంచి ఇచ్చారని అనుకోవడం సహజం. వాస్తవం అది కాదు. కమాండుకు సరిహద్దు ఉన్నది గాని విమానానికి లేదు. కమాండు అధిపతి చేతిలో స్థావరాలు, రాడార్లు, ఆజ్ఞలు పంపే యంత్రాంగం ఉంటాయి. స్క్వాడ్రన్లు మాత్రం అవసరాన్ని బట్టి ఒక కమాండు నుంచి మరొక కమాండుకు కదులుతూ ఉంటాయి. దేశంలోని విమానాలన్నిటినీ ఒకే మూటగా చూచి, ఏ రోజు ఏ వైపు ఎంత విప్పాలో వాయు భవన్ నిర్ణయిస్తుంది. ఇదే ఈ నిర్మాణంలోని అసలు సూత్రం.

1987 జూన్ 4 న జాఫ్నాలోని తమిళులకు ఆహారపు మూటలు జారవిడవడానికి బెంగళూరు నుంచి ఐదు ఏ.ఎన్.-32 రవాణా విమానాలు బయలుదేరాయి. వాటికి కాపలాగా పోయిన మిరాజ్‌లు గ్వాలియర్ స్క్వాడ్రన్లవి. గ్వాలియర్ ఉన్నది మధ్య కమాండులో. దక్షిణ కమాండు ఏర్పడి అప్పటికి మూడేళ్లు కావస్తున్నా దాని చేతిలో యుద్ధ విమానాలు లేకపోవడమే దీనికి కారణం. 2018 లో సూలూరుకు తేజస్‌లు, 2020 జనవరిలో తంజావూరుకు సుఖోయ్‌లు వచ్చేవరకు ఆ లోటు దాదాపు అలాగే ఉండిపోయినది. 2019 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున బాలాకోట్‌పై దాడికి పోయిన మిరాజ్‌లు కూడ గ్వాలియర్‌వే. దాడి జరిగినది పశ్చిమాన. విమానాలు వచ్చినది మధ్య కమాండు నుంచి. ముప్పది రెండేళ్ల అంతరంలో రెండు భిన్న దిక్కులకు ఒకే ఊరి విమానాలు పోయాయి. ఒక కమాండుకు రిజర్వు మరొక కమాండే అన్నమాట.

మొదట్లో ఇలా ఉండాలని ఎవరూ అనుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకే, 1952 లో, వైమానిక దళపు రిజర్వుల కోసం పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసినది. దాని కింద మూడు అంచెలు ఊహించారు. దళంలో పనిచేసి బయటికి వచ్చినవారు ఒక అంచె. పౌర విమానయానంలో ఉన్న పైలట్లు, సాంకేతిక నిపుణులు రెండవ అంచె. మూడవది సహాయక వైమానిక దళం. వారమంతా తమ ఉద్యోగాలు, వ్యాపారాలు చూచుకొంటూ సెలవు రోజులలో యుద్ధ విమానయానం నేర్చుకొనే పౌరుల దళం అది. బ్రిటన్‌లో రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇటువంటి స్క్వాడ్రన్లే వృత్తి సైనికుల పక్కన నిలిచి పోరాడాయి. మన దేశంలో 1955 నుంచి ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, ఉత్తరప్రదేశ్, బెంగాల్, ఒరిస్సా, పంజాబ్ పేర్లతో ఏడు సహాయక స్క్వాడ్రన్లు లేచాయి. వాటికి 51 నుంచి 57 వరకు సంఖ్యలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ పేరిట ఒక్కటి కూడ రాలేదన్నది వేరే విచారం.

1962 దెబ్బ తగిలినది. ఆ యుద్ధంలో రవాణా విమానాలు పగలూ రాత్రీ పనిచేశాయి గాని, యుద్ధ విమానాలను ప్రభుత్వం ఎగరనివ్వలేదు. ఆ తరువాత 1964 నాటి రక్షణ ప్రణాళికలో 45 స్క్వాడ్రన్ల దళం కావాలని నిర్ణయించారు. అంత వేగంగా పెరగడానికి పైలట్లు, విమానాలు, సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారు? చేతికి అందిన వనరులలో ఈ సహాయక స్క్వాడ్రన్లూ ఉన్నాయి. వాటిని క్రమంగా పూర్తికాల దళంలో కలుపుకొన్నారు. తక్షణ అవసరం తీరినది. విత్తనపు గింజలు వండుకొన్న ఇంట మరుసటి కారుకు విత్తనం ఉండదు గదా. సహాయక దళాన్ని తిరిగి నిలబెట్టే ప్రయత్నం మళ్లీ జరగలేదు.

1971 నాటికే దాని ఫలితం కనిపించినది. డిసెంబరు 5 ఉదయాన రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా వద్ద పాకిస్తానీ టాంకుల దండును చెల్లాచెదరు చేసినది జైసల్మేర్ నుంచి లేచిన కొద్దిపాటి హంటర్ విమానాలు. రాత్రి చూపు లేని ఆ విమానాల కోసం ఒక చిన్న పదాతి బృందం తెల్లవారేవరకు కందకాలలో కాచుకొని ఉన్నది. ఈ కథ సినిమాకు కూడ ఎక్కినది. కాని ఒక సంగతిని తక్కువమంది గమనించారు. ఆ హంటర్లు సాధారణ యుద్ధ స్క్వాడ్రన్‌కు చెందినవి కావు. జామ్‌నగర్‌లో యువ పైలట్లకు ఆయుధ ప్రయోగం నేర్పే శిక్షణ విభాగానివి. యుద్ధం రాగానే పాఠశాల మూసి, గురువులే బరిలోకి దిగారు. వేరే రిజర్వు లేని దళానికి బడిపంతులే రిజర్వు సిపాయి అయినాడు. పదునాలుగు రోజులలో యుద్ధం ముగిసినది కనుక సరిపోయినది. ఆ యుద్ధం ఆరు నెలలు సాగి ఉంటే, కొత్త పైలట్లకు పాఠం చెప్పేవారెవరు?

అదే యుద్ధంలో తూర్పు కమాండు నడచిన తీరు వేరొక పాఠం. భూసేన తూర్పు కమాండు కలకత్తాలో, వైమానిక కమాండు షిల్లాంగులో ఉన్నాయి. ఆ దూరాన్ని తగ్గించడానికి ఫోర్ట్ విలియంలో వైమానిక దళపు ముందస్తు కార్యాలయం ఒకటి పెట్టుకొన్నారు. డిసెంబరు 14 న ఢాకా గవర్నరు భవనంలో ముఖ్యమైన సమావేశం జరుగనున్నదని వినికిడి అందగానే గౌహతి నుంచి మిగ్-21 లు లేచాయి. ఆ స్క్వాడ్రన్ నాయకుడు బిష్ణోయ్ చేతిలో ఉన్న పటం పర్యాటకుల కోసం అచ్చువేసిన ఢాకా నగర పటం. ఆ దాడి జరిగిన రోజే గవర్నరు మాలిక్ రాజీనామా రాసి ఇచ్చాడు. కార్యాలయాలు రెండు ఊళ్లలో ఉన్నా, ఫోను తీసినవారికి అధికారం, సమయస్ఫూర్తి ఉంటే పని జరుగుతుందని అది చూపినది.

ఇక థియేటర్ వాదుల మాట కూడ వినాలి. వారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. భూసేనకు ఏడు, వైమానిక దళానికి ఏడు, నౌకాదళానికి మూడు – మొత్తం 17 కమాండులు. ఇందులో ఏ రెండింటి ప్రధాన కార్యాలయాలూ ఒకే ఊరిలో లేవు. ఉధంపూర్‌లోని భూసేనాని, చండీమందిర్‌లోని భూసేనాని ఇద్దరూ వైమానిక సహాయానికి సుబ్రతో పార్కునే అడగాలి. చైనా 2016 లో తన సేనలను ఐదు థియేటర్లుగా మార్చినది. మన సరిహద్దుకు ఎదురుగా ఉన్నదంతా చెంగ్డూలోని ఒక్క సేనాని కిందికి వచ్చినది. మన వైపు ఆ గీత పొడుగునా వైమానిక కమాండులే మూడు ఉన్నాయి. 1999 కార్గిల్ ఘర్షణ తొలి రోజులలో హెలికాప్టర్ల వినియోగంపై భూసేన, వైమానిక దళం మధ్య తలెత్తిన అభిప్రాయభేదం ఇంకా ఎవరూ మరచిపోలేదు.

తొలి త్రివిధ దళాల ప్రధానాధిపతి బిపిన్ రావత్ 2021 జులైలో వైమానిక దళం భూసేనకు సహాయక అంగమన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడారు. నాటి వైమానిక దళాధిపతి భదౌరియా దానిని బహిరంగంగానే ఖండించారు. ఆ డిసెంబరులో రావత్ హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. వాదన మాత్రం మరణించలేదు. ఉమ్మడి కమాండులలోని సిబ్బందిపై వాటి అధిపతులకు క్రమశిక్షణాధికారం ఇచ్చే చట్టం 2023 లో వచ్చి, 2024 మే నుంచి అమలులోకి వచ్చినది. 2025 ఆగస్టులో మౌ పట్టణంలో జరిగిన సమావేశంలో వైమానిక దళాధిపతి ఏ.పి. సింగ్ తొందర వద్దన్నారు. ముందుగా ఢిల్లీలో మూడు దళాలకు ఉమ్మడి ప్రణాళికా కేంద్రం ఒకటి పెట్టి చూడమన్నారు. అదే వేదికపై నౌకాదళాధిపతి త్రిపాఠి థియేటర్ వ్యవస్థే తుది గమ్యమన్నారు.

ఎవరి మాట ఒప్పు? అంకెలు చూద్దాం. వైమానిక దళానికి మంజూరైన యుద్ధ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26 న చండీగఢ్‌లో చివరి మిగ్-21 లకు వీడ్కోలు చెప్పిన తరువాత మిగిలినవి 29. తేజస్ మార్క్-1ఏ విమానాలను 2021 లో 83, 2025 లో మరి 97 కొనడానికి ఒప్పందాలు జరిగాయి. 2024 లో మొదలు కావలసిన సరఫరా అమెరికా ఇంజన్ల జాప్యంతో వెనుకబడినది. ఇంకొక అంకె దీనికంటె ముఖ్యం. గగనతలంలోనే ఇంధనం నింపే ట్యాంకర్ విమానాలుగా మనం కొన్న ఇల్యూషిన్-78 లు ఆరు. శత్రు విమానాలను దూరం నుంచి పసిగట్టే ఫాల్కన్‌లు మూడు. ఈ రెండు రకాలూ ఆగ్రాలోనే ఉంటాయి. వర్షం పడిన మరునాడు అన్నదమ్ములందరి పొలాలకూ ఒకేసారి పదును వస్తుంది. ఇంట ఉన్నది ఒకే జత ఎడ్లు. ఎడ్లను పంచుకొంటే తలొక ఎద్దు వస్తుంది, నాగలి మాత్రం ఎవరికీ సాగదు. ఫాల్కన్ ఒక్కొక్కటి చొప్పున మూడు థియేటర్లకు పంచితే, ఆ ఒక్కటి మరమ్మతుకు పోయిన రోజున ఆ థియేటరు గుడ్డిది అవుతుంది.

దీనిని బట్టి ఉన్నదంతా చక్కగా ఉన్నదని ఈ రచయిత అనడం లేదు. బాలాకోట్ మరునాడు, 2019 ఫిబ్రవరి 27 న, శ్రీనగర్ దగ్గర బుడ్గాంలో మన క్షిపణే మన ఎం.ఐ.-17 హెలికాప్టరును కూల్చినది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేలమీద ఒక పౌరుడు మరణించారు. అది పెద్ద తప్పిదమని ఆ అక్టోబరులో దళాధిపతే ఒప్పుకొన్నారు. క్షిపణి, హెలికాప్టరు రెండూ ఒకే దళానివి, ఒకే కమాండువి. ఒకే అధికారి కిందికి తెచ్చినంత మాత్రాన సమన్వయం రాదని థియేటర్ వాదులకూ, ఇంట్లోనే సమన్వయం కుదరలేదని వైమానిక దళానికీ ఆ ఏడుగురి మరణం ఒకేసారి గుర్తుచేయాలి.

థియేటర్ పథకంపై వెలువడిన కథనాల ప్రకారం యుద్ధం నడిపే బాధ్యత థియేటర్ సేనానులకు పోతుంది. దళాధిపతుల వంతుకు మనుషులను చేర్చుకోవడం, శిక్షణ ఇవ్వడం, సామగ్రి సమకూర్చడం మిగులుతాయి. అనగా బెంగళూరు శిక్షణ కమాండు, దాని కింద మన దుండిగల్ అకాడమీ, నాగపూర్ నిర్వహణ కమాండు దళాధిపతి వద్ద ఉంటాయి. రిజర్వును పెంచే పని ఆయనది, దానిని వాడుకొనే హక్కు మరొకరిది అవుతుంది. లోంగేవాలా వంటి ఉదయం మళ్లీ వస్తే, శిక్షణ విభాగాలలోని గురువులను ఏ సరిహద్దుకు పంపాలో చెప్పేది వాయు భవనా, ముగ్గురు థియేటర్ సేనానులలో ముందుగా ఫోను చేసినవాడా అన్నది థియేటర్ల గీతలు గీయడానికి ముందే కాగితం మీద రాసి పెట్టుకోవలసిన నిబంధన.