వేళ్లకు పట్టు ఎలా వస్తుంది?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. లిఫ్టర్లు చేతులకు రాసుకునే తెల్లపొడి మెగ్నీషియం కార్బొనేట్. అది చెమటను పీల్చుకుని పట్టు జారకుండా చూస్తుంది. క్లైంబింగ్ బోర్డు ఎక్కేవాళ్లూ దాన్నే రాసుకుంటారు.

ఈ బోర్డు మన మీదికి వాలి ఉండే చెక్కగోడ. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టిన మూన్‌బోర్డు సాధారణంగా 40 డిగ్రీలు వాలి ఉంటుంది. వాలు పెరిగేకొద్దీ కాళ్లు మోసే బరువు తగ్గి, ఆ భారం వేళ్ల మీద పడుతుంది. అదే ఉద్దానంలో నిటారుగా ఉండే కొబ్బరిచెట్టెక్కే వాళ్లను చూడండి, కాళ్లకెంత పని చెబుతారో!

వేళ్లను బలంగా ముడిచే కండరాలు నిజానికి ముంజేతిలో ఉంటాయి. టెండన్లనే గట్టి తాళ్లు ఆ బలాన్ని వేళ్లకు చేరుస్తాయి. అదేపనిగా బిగించి పట్టుకుంటే కండరం రక్తనాళాల్ని నొక్కేస్తుంది; రక్తం సరిగా అందక పట్టు సడలిపోతుంది.

అందుకే స్నేహితులతో వంతులేసుకుని ఎక్కడం నాకు చాలా నచ్చుతుంది. ఒకరు ఎక్కేలోపు మిగతావాళ్ల ముంజేతుల్లో రక్తం మళ్లీ పారుతుంది.

కండరాల కన్నా టెండన్లు నెమ్మదిగా బలపడతాయి. పైగా ఎదిగే వయసులో వేలి ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. వేలి కణుపు నొప్పిపుడితే ఆపేసి డాక్టరుకు చూపించండి.