కనుపాపలో తెల్లని మెరుపు

పసిబిడ్డకు దీపము జూపునపుడు కనుపాపలో పిల్లికంటివలె తెల్లని మెరుపు గానవచ్చినచో దానిని ముచ్చటగా నెంచి యూరకుండరాదు. కంటి వెనుకటి పొరయందు పుట్టు రెటినోబ్లాస్టోమా యను క్యాన్సరు కావచ్చును. ఐదేండ్లలోపు శిశువులయందే యిది తరచు. సకాలమున గనుగొన్నచో ప్రాణము దక్కును. పెక్కుమారులు చూపును దక్కును.

ఇట్టి బిడ్డను గన్న తల్లిని ‘పుట్టినింటి దోష’మని యాడిపోసికొనుట మేము చెవులార వింటిమి. ఆ మాట యెంత యన్యాయమో చూడుడు. రెండు దెబ్బలు తగిలినగాని యీ వ్యాధి పుట్టదని 1971లో అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నూడ్సన్ చెప్పెను. ఆ దెబ్బలు తగులు జన్యువు 1986లో దొరకెను. దాని పేరు ఆర్బీ-1. కణము మితిమీరి పెరుగకుండ నడ్డుకొనుట దాని పని. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండు ప్రతులుండును. రెండును చెడినపుడే ముప్పు. పుట్టుకతో చెడిన ప్రతి తండ్రినుండియు రావచ్చును. ఇరువురియందును లేక బిడ్డయందే క్రొత్తగా పుట్టనువచ్చును. పెక్కుమంది శిశువులకు రెండు దెబ్బలును కంటిలోని యొక్క కణమునందే తగులును. ఇక నింద యెవరిది?

చెడుట యనగా నేమి? మా యింట తాటాకుల గ్రంథములు గలవు. వ్రాయసకాడు అక్షరము తప్పినచో అర్థము చెడును. జన్యువునందు దీనినే ఉత్పరివర్తన మందురు. అక్షరములన్నియు సరిగానున్నను, ఆకులను త్రాటితో బిగించి ముడివైచినచో చదువుట యెట్లు? రెండవ విధమైన చేటిదియే. మిథైల్ అను చిన్న రసాయనపు గుర్తులు జన్యువు మొదట నంటుకొని దాని నోరు మూయును. ఇట్టివానిని దెలుపు శాస్త్రమునకు ఎపిజెనెటిక్స్ అని పేరు. 1989లో జర్మనీ శాస్త్రజ్ఞులు రెటినోబ్లాస్టోమాయందు ఆర్బీ-1 జన్యువు మొదట నిట్టి గుర్తులుండుట గనిరి.

ఇంతకంటె వింత 2012లో బయల్పడెను. మెంఫిస్ నగరమునందలి సెయింట్ జ్యూడ్ ఆసుపత్రివారు ఈ కణితుల జన్యులిపి నాద్యంతము చదివిరి. ఆర్బీ-1 గాక తక్కిన తప్పులు మిక్కిలి స్వల్పము! మరి కణితి యంత త్వరగా నెట్లు పెరిగెను? కంటిపొరయందు పనిలేని సిక్ అను జన్యువు, అక్షరము మారకయే, ముడి విడినట్లు తెరచుకొని పనిచేయుచుండెను. ఆర్బీ-1 పోవుటచేతనే తక్కిన ముడులు తారుమారైనవని వారి యూహ. సిక్‌ను మందుతో నడ్డగింపగా ప్రయోగశాలలోను, ఎలుకలయందును కణితి కణములు చచ్చెను.

వ్రాసిన తప్పును దిద్దుట దుస్తరము. ముడి విప్పుట కొంత సులువు. మిథైల్ గుర్తులను దొలగించు అజాసిటిడిన్ అను మందును ఎముకల మూలుగకు వచ్చు వ్యాధియొకదానికి 2004లోనే అమెరికా ప్రభుత్వ మంగీకరించినది.

సోదరీమణులారా, ఇంట నొక బిడ్డకు ఈ జబ్బు వచ్చియున్నచో, తరువాత బుట్టు శిశువునకు మెరుపు కనబడువరకు వేచియుండక, పుట్టిన వెంటనే కంటి వైద్యునికి జూపుడు.