డబ్బ పాతదే, ఆట మాత్రం మనది

సోనీ ప్లేస్టేషన్ 2 జపాన్‌ల 2000 మార్చిల వచ్చింది. 2013 జనవరి వరకు తయారీ బంద్ అయ్యింది. అప్పటికే ప్రపంచంల 15 కోట్లకు పైగా అమ్ముడువోయినయ్. ఇంత పాతబడ్డా జనం దాన్ని ఎందుకు ఇడుస్తలేరు?

ఒకటి, ఒక్క డబ్బ మస్తు పనులు జేసింది. ఆటలాడొచ్చు, డీవీడీ సినిమా చూడొచ్చు. మొదటి ప్లేస్టేషన్ డిస్కులూ చాలామటుకు నడుస్తయ్. మన హైదరాబాద్‌ల తయారైన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009ల వచ్చింది దీనికే.

రెండోది అంతకన్న పెద్దది. డిస్కు కొంటే అది నీదే. నెట్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. దోస్తుకు ఇయ్యొచ్చు, ఇసుగొస్తే అమ్ముకోవచ్చు. మరి ఇప్పుడు? ‘ది క్రూ’ అనే కార్ల ఆటకు 2024 మార్చిల సర్వర్లు బంద్ పెట్టిన్రు. పైసలు వెట్టి కొన్న డిస్కు చేతిల ఉన్నా ఆట నడువది.

పాత డబ్బ మీది పావురంల చిన్నప్పటి యాది ఎంతున్నదో, హక్కు ముచ్చట అంతే ఉన్నది. సిగ్నల్ సక్కగ అందని ఊళ్లోళ్లకు ఇది ఇంకా బాగ ఎరుక. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పైసలు కట్టేముందు ఒక్క మాట అడుగుండ్రి: ఇది కొంటున్నమా, కిరాయికి తీసుకుంటున్నమా?