మోటారు రంపము: పాతదానికి మరమ్మతా, క్రొత్తది కొనుటయా?

జామాయిలు కోతల కాలము ముగియగానే సంఘ సభ్యులలో తఱచు వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "రంపం మిషను మొరాయించుచున్నది. దానికే ఇంకను డబ్బు పెట్టుదుమా? దానిని మూలబెట్టి క్రొత్తది తెచ్చుకొందుమా?" మెకానిక్కు నడిగినచో మరమ్మతు చేయించుమనును, దుకాణదారు నడిగినచో క్రొత్తది కొనుమనును. ఎవరి వృత్తికి తగిన మాట వారు చెప్పుట సహజమే. లాభనష్టములు అనుభవించువాడు రైతు గావున, ఆ లెక్క రైతే చూచుకొనవలసియున్నది. అందులకు వలయు సంగతులను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

సత్తుపల్లి, పెనుబల్లి, వేంసూరు, దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతములకు కలప క్రొత్త గాదు. పూర్వము చెట్టు కొట్టుట యన్న గొడ్డలియు, ఇరువురు చెరియొక కొన పట్టి లాగు పెద్దరంపమును. పలకలు కోయవలెనన్న గోతిపై దుంగ నెత్తి, పైన నొకడు, క్రింద నొకడు నిలిచి దినమెల్ల కోయవలసినదే. భద్రాచలపు టడవుల టేకు తెప్పలుగా గట్టబడి గోదావరి మీద రాజమహేంద్రవరమునకు బోయెడిది. సారపాకలో 1975వ సంవత్సరమున స్థాపింపబడిన కాగితపు అట్టల కర్మాగారము 1979లో ఉత్పత్తి నారంభించెను. దాని వెనుక, ముఖ్యముగా 1990ల నుండి, మేలురకపు క్లోను జామాయిలు మొక్కలు రైతుల పొలములలోనికి వచ్చినవి. అడవిలో నుండిన పని చేనిలోనికి వచ్చెను. గొడ్డలి పట్టిన చేతికి మోటారు రంపము వచ్చెను.

ఈ యంత్రపు చరిత్ర రెండు మాటలలో జెప్పవచ్చును. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అను నతడు 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడచుదానిని చేసెను. అవి ఇరువురు మోయవలసిన బరువు గలవి. ఒక్కడే పట్టుకొని కోయదగిన పెట్రోలు రంపము 1950లో వచ్చినది. నేడు మన చైనులకు గల వంకరపండ్ల రూపము మఱియొకని ఊహ. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనువాడు 1946లో కట్టెలు కొట్టుచు, మోడులోని పురుగు తన రెండు దవడలతో నిలువుగను అడ్డముగను కొయ్యను సులువుగా దొలుచుట గమనించి, చైను పంటికి ఆ రూపమే ఇచ్చెనట. పురుగును తిట్టి ఊరకుండు మనము దానినుండి నేర్వదగిన దున్నదని ఎఱుంగము.

ఇక ప్రస్తుత విషయము. "మిషను ముసలిదైనది" అని చెప్పబడు యంత్రములలో పెక్కింటికి వయస్సు దోషము కాదు. పోషణ లేకపోవుటయే దోషము. కోత మందగించినచో ముందు చూడవలసినది ఇంజను గాదు, చైను. రంపము క్రింద పడు పొట్టును చేతిలోనికి తీసికొని చూడుడు. పెళుసు పెళుసుగా చిన్న చిన్న పెచ్చులు పడుచున్నచో చైను పదునుగా నున్నది. పిండివలె మెత్తని పొడి పడుచున్నచో మొద్దువారినది. మొద్దుచైనుతో కోయువాడు బలముగా నొక్కును; నొక్కినకొలది ఇంజను వేడెక్కును, బారు అరుగును, పెట్రోలు ఎక్కువ త్రాగును; తుదకు నింద ఇంజనుపై బడును. అంగుళములో ఎనిమిదింట మూడువంతుల పిచ్చు గల చైనునకు 5.2 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, .325 పిచ్చు దానికి 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి వాడవలయును. పంటి ముందుండు మొటిమ పంటికంటె సాధారణముగా 0.65 మిల్లీమీటర్లు తగ్గియుండవలెను. దానిని ఎక్కువగా అరగదీసినచో రంపము కొయ్యను కఱచి అదరును. ఆకురాయి ఖరీదు స్వల్పము. దానిని వాడనేర్చిన మనుష్యుడు ముఠాలో నొక్కడున్నను మరమ్మతు ఖర్చులలో చాలభాగము తప్పును.

ఈ పదును సంగతి ఇంజనుతోనే ముగియదు. జామాయిలు నరికినను మోడు మరల చిగిర్చును. మొక్క నాటిన ఖర్చు ఒక్కసారియే పెట్టి రెండు మూడు పంటలు తీయుట మన రైతులకు దెలిసినదే. నేలకు 10 మొదలు 15 సెంటీమీటర్ల ఎత్తున, నీరు నిలువకుండ కొంచెము వాలుగా, బెరడు చీలకుండ కోసిన మోడునకే బలమైన పిలకలు వచ్చును. మొద్దురంపము బెరడును పెరికివైచును. పెరికిన చోట నీరు చేరి మోడు క్రుళ్ళును. కావున యంత్రమును గూర్చిన నిర్ణయము రాబోవు పంటను గూర్చిన నిర్ణయము గూడ.

చైను, బారు, స్ప్రాకెట్టు సరిగా నున్నను శక్తి చాలకున్నచో అప్పుడు ఇంజనును పరీక్షింపవలెను. మెకానిక్కు నొద్దకు బోకమునుపే రైతు చేసికొనదగిన పరీక్ష లున్నవి. ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట, త్రాడు పిడిని బట్టుకొని రంపమును మెల్లగా వ్రేలాడదీయుడు. రంపము తన బరువుతో ఆగి ఆగి దిగినచో సిలిండరులో ఒత్తిడి కలదు. జారిపడినట్లు ఒక్కసారి దిగినచో పిస్టను రింగులో, పిస్టనో, సిలిండరో అరిగియుండును. అంతట సైలెన్సరు విప్పించి, పొగ వెడలు రంధ్రము గుండ పిస్టనును చూడవలెను. అది నునుపుగా నున్నచో భయము లేదు. నిలువున గీతలు పడి లోహము పూసినట్లున్నచో అది పట్టివేసిన ఇంజను.

ఒత్తిడి బాగున్న యంత్రము స్టార్టు కాకపోవుట, ఆగిపోవుట, గరగరలాడుట ఇత్యాదులు చిన్న రోగములు. ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు గొట్టము, కార్బురేటరులోని రబ్బరు పొర: వీనిలో నేదో యొకటి కారణమై యుండును. వీనికై క్రొత్త యంత్రము కొనుట, చెప్పు తెగినదని కాలు మార్చుకొనుటవంటిది.

పట్టివేసిన ఇంజను విషయమున మాత్రము జాగ్రత్త వలయును. పిస్టను, సిలిండరు మార్చినంత మాత్రమున పని ముగిసినదని తలపరాదు. అది ఏల పట్టివేసినది? నూనె తక్కువ కలిపిరా? రెండు స్ట్రోకుల ఇంజనునకు వేరుగా నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే దాని ప్రాణము. నేటి రంపములకు మంచి టూటీ ఆయిలు లీటరునకు 20 మిల్లీలీటర్లు, అనగా యాబది పాళ్ళకు ఒక పాలు, చాలును. కొన్ని పాతవానికి లీటరునకు 40 మిల్లీలీటర్లు వలయును. ఏది వలయునో యంత్రముతో వచ్చిన పుస్తకములో నుండును. కంటి అంచనాతో సీసా వంచువాడు యంత్రమునకు శత్రువు. నూనె సరిగానే కలిపియున్నచో, క్రాంకు సీళ్ళు పాడై లోనికి గాలి చొరబడి, మిశ్రమము పలుచనై కాలియుండును. సీళ్ళు మార్చక పిస్టను మార్చినచో ఆ క్రొత్త పిస్టనును అదే దారి పట్టును. కారణము చెప్పలేని మెకానిక్కునకు పెద్ద మరమ్మతు అప్పగింపకుడు.

ఈ కాలమున మఱియొక చిక్కు వచ్చినది. మన దేశమున పెట్రోలులో కలుపు ఇథనాలు 2022 నాటికి నూటికి 10 పాళ్ళును, 2025 నాటికి 20 పాళ్ళును అయ్యెను. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. పాత రకపు రబ్బరు గొట్టములను, పొరలను చెఱచును. కోతలు ముగిసిన పిదప తొట్టిలో పెట్రోలు మిగిల్చి అటక యెక్కించిన రంపము మరుసటి యేడు లేవకపోవుటలో వింత లేదు. తొట్టి ఖాళీచేసి, ఇంజను తనంత తాను ఆగువఱకు నడిపి దాచవలెను. పాత యంత్రమునకు మరమ్మతు చేయించునప్పుడు ఈ రబ్బరు సామాను అంతయు ఒక్కసారే మార్పించుట మేలు. ట్రాక్టరు, లారీలనుండి తీసిన వాడిన నూనెను చైనునకు పోయు అలవాటు మన పల్లెలలో నున్నది. అందలి లోహపు రజను నూనె పంపును, బారును తినివేయును; ఆదా చేసిన నాలుగు రూపాయలకు నలువది పోవును.

ఇంతవఱకు మేము మరమ్మతు పక్షమున వ్రాసితిమి. ఒక్కచోట మాత్రము ఆ పక్షమును విడుచుచున్నాము. ముందు పిడికి ఎదురుగా చైను బ్రేకు లేని రంపమును, అది ఎంత బాగుగా నడచుచున్నను, చెట్లు కొట్టుటకు వాడరాదు. బారు కొన పైభాగము కొయ్యకు తగిలినచో రంపము రెప్పపాటులో వెనుకకు ఎగిరి కోయువాని ముఖముపైకి, మెడపైకి వచ్చును. 1970ల మొదటి యేండ్ల నుండి వచ్చిన చైను బ్రేకు, చేయి ముందు రేకునకు తగులగానే చైనును ఆపివేయును. పాత రంపములు కొన్నింటికి ఈ బ్రేకు లేదు. కొన్నింటికి ఉండి తుప్పు పట్టినది. మఱి కొన్నింటికి పనికి అడ్డమని విప్పివైచిరి. బ్రేకు తుప్పు పట్టినచో బాగుచేయింపవచ్చును, విప్పియున్నచో సామాను తెప్పించి అమర్పింపవచ్చును. అసలే లేనిదానికి ఖర్చుపెట్టుట కూలివాని ప్రాణమును పందెమొడ్డుటయే. చేతుల అదురు సంగతియు నిట్టిదే. పిడులకు అదురు తగ్గించు అమరిక 1960లలో వచ్చినది. అది లేని రంపమును ఏండ్ల తరబడి పట్టినవారికి వ్రేళ్ళు తెల్లబడి తిమ్మిరి యెక్కి స్పర్శ తగ్గును. ఆ రోగము ముదిరిన పిదప కుదురుట కష్టము.

ఇక డబ్బు లెక్క. ఒక ఉదాహరణము వేసి చూతము. ఇవి లెక్క కొఱకు పెట్టిన అంకెలే గాని బజారు ధరలు గావు. మరమ్మతునకు 6,000 రూపాయలు పట్టి, ఆ యంత్రము 60 దినముల కోత పని చేయుననుకొందము: దినమునకు 100 రూపాయలు. క్రొత్తది 30,000 రూపాయలై, అట్టి కోతకాలములు ఐదు, అనగా 300 దినములు వచ్చుననుకొందము: అదియు దినమునకు 100 రూపాయలే. చూచుటకు రెండును సమానము. కాని పాతది ఆ కాలములో ఆరు దినములు పని మధ్యలో నిలిచిపోయి, దినమునకు 600 రూపాయల కూలి గల నలుగురు ఊరక కూర్చున్నచో, నష్టము 14,400 రూపాయలు. అరువది దినములకు పంచినచో దినమునకు మఱి 240. బండి వచ్చి సరకు లేక తిరిగిపోయిన నష్టము దీనిలో చేరలేదు. మెకానిక్కు చీటీలో వ్రాయని పద్దు ఇదియే, అన్నింటికంటె పెద్ద పద్దును ఇదియే.

అదే లెక్కను ఏటికి పది దినములే కోత గల రైతునకు వేసి చూడుడు. 6,000 రూపాయల మరమ్మతు అతనికి ఆరేండ్లు వచ్చును. క్రొత్త రంపము 300 దినములు పని చేయుటకు ముప్పది యేండ్లు పట్టును. అంతకు ముందే దాని రబ్బరు ఎండిపోవును. అట్టివాడు క్రొత్తది కొనుట తగదు. ఉన్నది చైను బ్రేకు గలదైనచో బాగుచేయించుకొనవలెను, లేనిచో సంఘము నుండి అద్దెకు తీసికొనవలెను. కోతముఠా నడుపువానికి, సంఘమునకు మాత్రము క్రొత్తది న్యాయము. ఒత్తిడి బాగుండి బ్రేకు గల పాతదానిని అమ్మివేయక ప్రక్కన నుంచుకొన్నచో, పైన జెప్పిన ఆరు దినముల నష్టము తప్పును. రెండును ఒకే కంపెనీవి, వీలైనచో ఒకే నమూనావి యైనచో చైనులు, బారులు, ఫిల్టర్లు ఒకదానివి ఒకదానికి పనికివచ్చును. బ్యాటరీతో నడచు రంపములు కొమ్మలు కత్తిరించుటకు బాగుగనే యున్నవి గాని, కరెంటు దూరమైన చేలలో దినమెల్ల మాన్లు కోయుటకు వానిని మేము సిఫారసు చేయజాలము.

కొనుటకు ముందు దుకాణములో ధర అడుగుట చాలదు. సామాను దొరకునా యని అడుగవలెను. పిస్టను, క్రాంకు సీళ్ళు, కార్బురేటరు పొరలు సత్తుపల్లిలోనో ఖమ్మములోనో దొరకని యంత్రము చౌకగా వచ్చినను ఖరీదైనదే. పేరులేని చౌకరంపములు మొదటి కోతలో బాగుగా కోసి, రెండవ కోతకు సామాను లేక మూలబడుట మన ప్రాంతమున చూచుచునే యున్నాము. వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022లో మరమ్మతు హక్కును గూర్చి పని ప్రారంభించినప్పుడు, మొదట ఎన్నుకొన్న వానిలో వ్యవసాయ పరికరములను గూడ చేర్చినది. ఆ హక్కును అడుగువాడు ఒంటరి రైతు గాక సంఘమైనచో దుకాణదారు వినును. యంత్రములను సమష్టిగా ఉంచుకొని అద్దెకిచ్చు కేంద్రములకు 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ పథకమున సహాయమునకు ఏర్పాటు కలదు. ఆ యేటి పట్టికలో రంపము చేరియున్నదో లేదో వ్యవసాయాధికారి నడిగి తెలిసికొనిన పిమ్మటనే తీర్మానము వ్రాసికొనవలెను.

అద్దెకిచ్చు సంఘమువారికి ఒక మాట. మనది అడవి అంచు. 1967 నాటి అటవీ చట్టము ననుసరించి రిజర్వు అడవిలో దొంగతనముగా చెట్టు కొట్టినచో కలపతో బాటు దానికి వాడిన పనిముట్లను, బండ్లను గూడ పట్టుకొనుటకు అధికారము కలదు. సంఘపు రంపము అట్లు పోయినచో పోగొట్టుకొనువారు సభ్యులందఱును. కావున రంపము నిచ్చునప్పుడు తీసికొనువాని పేరు, కోయు పొలపు సర్వే నంబరు, చెట్ల జాతి రిజిస్టరులో వ్రాయించి సంతకము తీసికొనవలెను. టేకు మొదలగు వానికైనచో అటవీశాఖ అనుమతి పత్రము చూడవలెను. తిరిగి వచ్చినప్పుడు ఇంజను నడిపి, చైను తిరుగుచుండగా బ్రేకు త్రోసి చూడవలెను. చైను తక్షణమే ఆగనిచో ఆ రంపమును బాగుచేయించువఱకు మఱియొకనికి ఇయ్యరాదు.