డీజిల్ ఇంజనుకు మార్చిన బండి: బ్రేకు ఎందుకు గట్టిపడింది?

జగదల్‌పూర్‌లో ఒక జీపు యజమాని నన్ను ఒకసారి ఇలా అడిగారు: "మాస్టారూ, పెట్రోలు ఇంజను తీయించి డీజిల్ ఇంజను పెట్టించాను. బ్రేకుల జోలికి ఎవరూ పోలేదు. అయినా పెడల్ రాయిలా అయిపోయింది. ఇంజనుకీ బ్రేకుకీ సంబంధం ఏమిటండీ?"

ఇది చిన్న ప్రశ్న కాదు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి జగదల్‌పూర్, కొండగావ్ దాటి కేశ్‌కాల్ ఘాట్‌లో మలుపులు తిరుగుతూ కాంకేర్ వైపు దిగుతుంది. సంతకు మనుషులనూ మూటలనూ ఎక్కించుకున్న బండి ఆ దిగుడులో ఆగకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

జవాబు గాలి పీడనంలో ఉంది. పెట్రోలు ఇంజనులోకి వెళ్లే గాలి దారిలో థ్రాటిల్ అనే రేకు ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే అది మూసుకుంటుంది. పిస్టన్లు మాత్రం గాలిని పీలుస్తూనే ఉంటాయి. దాంతో మేనిఫోల్డ్‌లో పీడనం పడిపోతుంది. దీన్నే మనం వాక్యూమ్ అంటాం. ఒక గొట్టం దాన్ని బ్రేకు బూస్టర్‌కు చేరుస్తుంది. పెడల్ తొక్కితే బూస్టర్‌లోని పొరకు ఒకవైపు వాక్యూమ్, రెండోవైపు బయటి గాలి. పొర వ్యాసం 20 సెంటీమీటర్లనుకుంటే వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. 500 మిల్లీమీటర్ల పాదరసమంత తేడా ఉంటే, సుమారు 210 కిలోల బరువుకు సమానమైన తోపు మీ కాలికి తోడవుతుంది!

మామూలు డీజిల్ ఇంజనులో ఈ రేకు ఉండదు. అక్కడ వేగాన్ని నిర్ణయించేది చిమ్మే డీజిల్ పరిమాణం. గాలికి అడ్డు లేదు, కనుక వాక్యూమూ లేదు. అందుకే విడిగా ఒక వాక్యూమ్ పంపు పెడతారు, తరచుగా ఆల్టర్నేటర్ వెనుకనే. మన జీపులో మేస్త్రీ పాత గొట్టాన్ని కొత్త మేనిఫోల్డ్‌కే తగిలించేశాడు. (బూస్టరే లేని పాతకాలపు జీపులకు ఈ బెడద లేదు. వాటి పెడల్ ముందునుంచీ గట్టిదే.)

పంపు పెట్టాక పరీక్ష ఇలా చేయాలి. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, అది గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజను స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి జారితే బూస్టర్‌కు వాక్యూమ్ అందుతున్నట్టే. జారకపోతే వాక్యూమ్ గేజి తగిలించండి. జగదల్‌పూర్ ఎత్తు సుమారు 550 మీటర్లు. అక్కడి గాలి పీడనమే 710 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కాబట్టి గేజి 760 చూపలేదని పంపును నిందించకండి. 600 దాకా వస్తే మంచిదే. ఇంజను ఆపగానే ముల్లు గబగబా పడిపోతే గొట్టమో, వన్-వే వాల్వో, బూస్టరో కారుతోందన్నమాట. గొట్టం మందపాటిదై ఉండాలి. పలుచని రబ్బరు గొట్టం లోపలికి ముడుచుకుపోతుంది.

ఇక ఇంధనం సంగతి. ఇక్కడ విచిత్రం చూడండి, బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ డీజిల్ ట్యాంకులో ఉండకూడదు! మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో పీడనం తగ్గి, కొన్ని కిలోమీటర్లు పోయాక ఇంజను నీరసిస్తుంది. మూత తీస్తే 'స్స్' మని శబ్దం వస్తుంది, ఇంజను మళ్లీ అందుకుంటుంది. అలాగే, పాత పెట్రోలు ట్యాంకునే వాడుకుంటే, పంపు నుంచి మిగిలిన డీజిల్ తిరిగి వచ్చే గొట్టం దానికి ఉందా అని చూడాలి.

రాత్రి ఆపిన బండి పొద్దున మొరాయిస్తే, ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య గాలి చొరబడుతోందేమో అనుమానించాలి. ఆ భాగంలో లోపలికి పీల్పు ఉంటుంది కనుక బయట ఒక్క చుక్క కూడా కారకపోవచ్చు. అందుకే చాలామంది మోసపోతారు. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, వేరే గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి. ఇంజను బాగా నడిస్తే తప్పు ట్యాంకులోనో, మూతలోనో, పాత గొట్టంలోనో ఉంది. తర్వాత ఫిల్టర్ మీది మర వదులుచేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి బిగించాలి. ఇంజెక్టర్ గొట్టాల దగ్గర మాత్రం చేయి అడ్డం పెట్టకండి. అక్కడి పీడనం వంద వాతావరణాలకు పైనే, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

వాక్యూమ్, ఇంధనం రెండూ కలిసే చోటు ఒకటుంది. కొన్ని పాత ఇన్-లైన్ పంపులకు న్యూమాటిక్ గవర్నర్ ఉంటుంది. అలాంటి ఇంజనులో గాలి దారిలో చిన్న రేకు పెట్టి, అక్కడి స్వల్ప వాక్యూమ్‌తోనే డీజిల్‌ను అదుపు చేస్తారు. ఆ గొట్టం ఊడినా, పొర చిరిగినా స్ప్రింగ్ డీజిల్‌ను పూర్తిగా తెరిచేస్తుంది, ఇంజను వేగం పట్టపగ్గాలు లేకుండా పెరిగిపోతుంది. ఆ గొట్టం నుంచి బ్రేకు కోసం వాక్యూమ్ దొంగిలించాలని చూసేవారిని నేను ఎరుగుదును.

ఆ జీపుకు చివరికి పంపు పెట్టించారు. ఘాట్‌కు తీసుకెళ్లే ముందు సమతలం మీద, మూటలతో సహా, బ్రేకు పరీక్షించమన్నాను. ఆర్.సి. పుస్తకంలో ఇంజను మార్పు నమోదైందా అనీ అడిగాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ సంగతి ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట.